నికోడెమస్: నిలిచిన గోడలు, పూడిన గుంతలు

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీలో సోలమన్ నది దగ్గర నికోడెమస్ అని ఒక చిన్న ఊరుంది. ఇవాళ అక్కడ పట్టుమని పాతికమంది ఉండరు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు 1877లో వేసుకున్న ఊరు అది. అలా పడమటి మైదానాల్లో నల్లవాళ్ళు వేసిన ఊళ్ళు చాలానే ఉండేవి, దాదాపు అన్నీ మాసిపోయాయి. ఇది మిగిలింది. 1976లో అమెరికా ప్రభుత్వం దీన్ని జాతీయ ప్రాధాన్యం గల చారిత్రక ప్రాంతంగా గుర్తించింది. 1996లో జాతీయ చారిత్రక స్థలం చేసి తన పార్కుల శాఖ కిందికి తెచ్చింది. ఎక్కడో ఉన్న ఆ ఊరి మీద మనకి వ్యాసం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ఆ ఊరిని కాపాడుతున్న పద్ధతితో మాకొక పేచీ ఉంది. ఆ పేచీ మన వాడల దాకా వస్తుంది.

ముందు ఆ శాఖ ఏం చెబుతోందో చూద్దాం. ఊళ్ళో ఐదు కట్టడాలున్నాయి. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి, మొదటి బాప్టిస్టు చర్చి, సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, ఒకటో నంబరు డిస్ట్రిక్టు బడి, టౌన్‌షిప్ హాలు. ఈ ఐదూ నల్లజాతి సమాజానికి మూలస్తంభాలైన మతం, స్వపరిపాలన, చదువు, ఇల్లు, వ్యాపారం అనేవాటికి గుర్తులని వాళ్ళ వివరణ. వినడానికి బాగుంది. బడిపిల్లలకు చెప్పడానికి ఇంకా బాగుంటుంది. ఊరు మొత్తాన్నీ ఐదు వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించేయొచ్చు.

ఈ కట్టడాల్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. బడి సంగతే తీసుకోండి. గ్రాహం కౌంటీ మొత్తంలో మొదటి బడి డిస్ట్రిక్టు పెట్టింది ఈ నల్లవాళ్ళే. పదిహేనేళ్ళ కిందటి వరకూ దక్షిణ రాష్ట్రాల్లో బానిసకు అక్షరం నేర్పడం నేరంగా ఉండేది. అలాంటిచోటు నుంచి వచ్చినవాళ్ళు ఒంటికి గుడ్డా తిండికి గింజా సరిగా లేని రోజుల్లో ముందు పలకాబలపం వెతికారు. జెన్నీ ఫ్లెచర్ అనే ఆవిడ తన ఇంట్లోనే పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది. ఇప్పుడు నిలబడి ఉన్న బడి భవనం 1918 నాటిది. అంతకు ముందున్నది కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. జెన్నీ, ఆమె భర్త జాకరీ నడిపిన పూటకూళ్ళ ఇల్లే సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్. జాకరీ ఊరికి మొదటి పోస్టుమాస్టరు కూడా. టౌన్‌షిప్ హాలు 1939లో పూర్తయింది. రూజ్‌వెల్ట్ హయాంలో పని లేనివాళ్ళకు పని చూపించడానికి పెట్టిన పథకం కింద సున్నపురాయితో కట్టారు. మన కరువు పనుల్లాంటివనుకోండి. తేడా ఏమంటే కరువు పనిలో మన వాళ్ళు పక్క ఊరికి రోడ్డు వేసి వచ్చేవాళ్ళు, వీళ్ళు తమ ఊరికి తామే ఒక సభాభవనం కట్టుకోగలిగారు.

మరి పేచీ ఎక్కడ? ఆ ఊళ్ళో మొదటి కట్టడం ఈ ఐదింట్లో ఏదీ కాదు. మొదటి కట్టడం నేలలో తవ్విన గుంత.

ఊరు పుట్టిన తీరు చెప్పుకోవాలి. 1877 ఏప్రిల్‌లో ఒక కంపెనీ పెట్టారు. డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాదిరి ఒకరు, డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్ల భూవ్యాపారి ఒకడు, ముందున్నది వీళ్ళిద్దరు. కెంటకీ రాష్ట్రంలో చర్చిలకు వెళ్ళి, కరపత్రాలు పంచి, పడమట భూమి ఉంది రండి అని పిలిచారు. ఆ పిలుపు ఎందుకంత బలంగా తగిలిందో అర్థం కావాలంటే కాలం చూడాలి. 1865లో బానిసత్వం పోయింది. నలభై ఎకరాలిస్తామన్న మాట అదే ఏడాది నోటిలో ఉండగానే వెనక్కి పోయింది. 1877 నాటికి దక్షిణాదిలో నల్లవాళ్ళ ఓటుకూ ప్రాణానికీ కాపలాగా ఉన్న కేంద్ర సైన్యం కూడా తప్పుకుంది. పాత యజమాని పొలంలోనే పాలికి చేసుకు బతకడమో, ఊరు వదలడమో మిగిలింది. ఫూలే తన ‘గులాంగిరి’ని అమెరికాలో నీగ్రో బానిసలకు విముక్తి తెచ్చినవారికి అంకితమిచ్చింది 1873లో. అప్పటికే అక్కడ ఆ విముక్తి చేతికి భూమి రాని విముక్తిగా మిగిలిపోతోంది. నాలుగేళ్ళ తర్వాత బయల్దేరిన ఈ జనం ఆ లోటును పూడ్చుకోవడానికి బయల్దేరిన జనం.

ఊరి పేరు గురించి రెండు మాటలు. మన క్రైస్తవ పేటల్లో యోహాను సువార్త విన్న ప్రతివాళ్ళకీ నీకొదేము తెలుసు. రాత్రిపూట యేసు దగ్గరకొచ్చి, ముసలివాడు మళ్ళీ ఎట్లా పుడతాడని అడిగినాయన. ఈ ఊరికి ఆయన పేరే పెట్టారని కొందరంటారు. కాదు, 1864 నాటి ఒక పాటలో నికోడెమస్ అనే బానిస ఉన్నాడు, ఆయన పేరని ఇంకొందరంటారు. ఏది నిజమైనా మళ్ళీ పుట్టడం అన్న అర్థం ఆ పేరులో ఉండనే ఉంది.

ఎల్లిస్ అనే రైలు స్టేషన్‌లో దిగి దాదాపు 35 మైళ్ళు నడిచీ, బండ్ల మీదా వచ్చారు. వచ్చి చూస్తే చెట్టు లేదు. చెట్టు లేకపోతే దూలం లేదు, వాసం లేదు, తలుపు లేదు, పొయ్యిలోకి కట్టె లేదు. కనుచూపుమేర గడ్డి. 1878 వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఆవిడ ముసలితనంలో ఆ రోజును గుర్తుచేసుకుంది. మగవాళ్ళు అదిగో నికోడెమస్ అని అరిచారట. ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది, ఊరేదీ కనిపించలేదు. ఎక్కడ అని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగల్ని చూపించాడు. జనం గుంతల్లో కాపురముంటున్నారు. ఆవిడకి ఏడుపొచ్చింది. దారిలో తట్టు సోకి పిల్లలు చచ్చిపోయిన బిడారం అది. చాలామంది వచ్చినదారినే వెనక్కి పోయారు కూడా. మిగిలినవాళ్ళు పార పట్టుకున్నారు.

ఈ గుంత ఇంటిని వాళ్ళు డగౌట్ అంటారు. వాగు గట్టునో, మిట్టనో పక్కనుంచి తొలుస్తారు. మూడు వైపులా నేలే గోడ. ముందు వైపు మాత్రం గడ్డి వేళ్ళతో సహా కోసి తీసిన మట్టిపెళ్లలు ఇటుకల్లాగా పేరుస్తారు. నదివెంట దొరికిన నాలుగు కొమ్మలు అడ్డంగా వేసి, వాటి మీద చెత్తాచెదారం పరిచి, పైన మళ్ళీ మట్టిపెళ్లలు కప్పుతారు. ఒక చివర పొయ్యి, దానికో పొగగొట్టం. వానొస్తే కారుతుంది, పాములు దిగుతాయి. అయితే ఆ మైదానంలో చలికాలం కొట్టే గాలికి చెక్క ఇంటికన్నా ఇదే వెచ్చన. ఎండకి ఇదే చల్లన. కలప లేనిచోట, మేకులు కొనే డబ్బు లేనిచోట, నాగళ్ళూ పశువులూ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నచోట పారతో మాత్రమే కట్టగల ఇల్లు అది. ఇంతకన్నా తెలివైన వాస్తుశిల్పం ఆ ఏడాది ఆ కౌంటీలో ఎవరి దగ్గరుంది? ఆ తొలి నెలల్లోనే ఎమ్మా విలియమ్స్‌కు కొడుకు పుట్టాడు. హెన్రీ అని పేరు పెట్టారు. ఊళ్ళో పుట్టిన మొదటి బిడ్డ. బాప్టిస్టుల మొదటి ఆరాధన కూడా గుంతలోనే. తర్వాత సున్నపురాయి గుడి వచ్చింది, 1907లో ఇప్పటిది వచ్చింది.

ఆ మొదటి చలికాలం గింజలు లేక అల్లాడుతుంటే వేట నుంచి తిరిగిపోతున్న ఓసేజ్ తెగవాళ్ళు మాంసం పంచి ఇచ్చారని ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ నేల అంతా అలాంటి ఆదివాసుల నుంచి లాక్కున్నదే. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం దాన్ని 160 ఎకరాల చెక్కలు చేసి పంచారు. బానిసత్వం నుంచి వచ్చినవాళ్ళకు దొరికిన పట్టా భూమి ఇంకొకరి చేతిలోంచి పోయిన భూమి. తిండి పెట్టినవాళ్ళూ, భూమి పోయినవాళ్ళూ ఒకే జనమని చెప్పడానికి ఐదు స్తంభాల్లో చోటు లేదు. నల్లవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదని మేం అనుకుంటాం. అయినా దాచి చెప్పాల్సిన పని కూడా లేదు.

ఇప్పుడు మా అసలు మాట. హోమ్‌స్టెడ్ చట్టం కింద పట్టా రావాలంటే ఆ నేల మీద ఇల్లు కట్టుకుని, సాగు చేసి, ఐదేళ్ళు ఉండాలి. గుంత ఇంటిని ఆ చట్టం ఇల్లుగా ఒప్పుకుంది. అందులో ఉన్నవాడు కాపురమున్నట్టే లెక్క. అంటే 1870ల నాటి భూమి గుమాస్తా దాన్ని ఇల్లన్నాడు. నూరేళ్ళ తర్వాత వచ్చిన వారసత్వ గుమాస్తాకి అది ఇల్లుగా కనపడలేదు. అతని దగ్గర 1966 చట్టం ఉంది. దాని కింద తయారుచేసుకున్న కొలబద్ద ఉంది. కట్టడం సాధారణంగా 50 ఏళ్ళ పైబడినదై ఉండాలి. పైగా దాని అసలుతనం చెడకుండా ఉండాలి. ఆ అసలుతనానికి ఏడు లక్షణాలు చెప్పారు: ఉన్నచోటు, రూపకల్పన, పరిసరాలు, వాడిన సరుకు, పనితనం, ఆ కాలపు అనుభూతి, చరిత్రతో సంబంధం. చదివితే అన్నీ న్యాయంగానే ఉంటాయి. కానీ ఇందులో మొదటి నుంచీ ఒక మనిషిని ఊహించుకున్నారు. మంచి సరుకు కొనగలిగినవాడు, మేస్త్రీని పెట్టగలిగినవాడు, ఒకసారి కట్టిందాన్ని కదిలించకుండా ఉంచగల తీరిక ఉన్నవాడు. పేదవాడి ఇల్లు అలా ఉండదు. మట్టి ఇల్లు నిలవాలంటే ఏటా అలకాలి. కప్పు నిలవాలంటే మార్చాలి. నాలుగు డబ్బులొస్తే మట్టి తీసేసి రాయి పెట్టాలి. మార్చకుండా ఉంచితే కూలుతుంది, మార్చితే అసలుతనం పోతుంది. ఎటు తిప్పినా పేదవాడి ఇల్లు ఆ పరీక్షలో నెగ్గదు.

నికోడెమస్‌లో ఈ చిక్కు కళ్ళకు కడుతుంది. మెథడిస్టు చర్చి 1885లో సున్నపురాయితో లేచింది. ముందు అది ఇంకో బాప్టిస్టు సంఘానిది, తర్వాత వీళ్ళు కొన్నారు. 1940లలో ఆ రాతి గోడల మీద సిమెంటు పూత వేశారు. హోటల్ చేతులు మారి, గదులు మారి, ఒక కుటుంబం ఇల్లయింది. వాస్తుశిల్పం చదువుకున్న కంటికి ఇవన్నీ పాత రూపం మీద పడ్డ మరకలు. మాకు మాత్రం ఆ సిమెంటు పూతే ముఖ్యమైన పత్రం. కరువూ, దుమ్ము తుఫానులూ ఊరిని తినేసిన 1930ల తర్వాత, జనం పదులకు పడిపోయిన కాలంలో, మిగిలిన కొద్దిమంది డబ్బులు పోగేసి తమ గుడి గోడకు పూత వేసుకున్నారు. ఆ గోడ ఇంకా నిలబడి ఉందంటే ఆ పూనిక వల్లే. దాన్ని చెడగొట్టడం అనాలా, కాపాడటం అనాలా?

న్యాయంగా చెప్పాలి. 1983లో ప్రభుత్వ కట్టడాల సర్వేవాళ్ళు వచ్చి ఊరిని కొలిచి, బొమ్మలు గీసి, కుటుంబాల చరిత్రలు రాసుకున్నారు. మంచి పని. 2006లో పురావస్తు పరిశోధకులు ఆ చుట్టుపక్కల పొలంలో తవ్వి తొలికాలపు ఇంటి గుంత ఆనవాళ్ళు బయటపెట్టారు. కట్టడాల వేటలో పడి మరిచిపోయిన దాన్ని మట్టి గుర్తుపెట్టుకుంది. ఈ తవ్వకాల తర్వాతైనా స్తంభాల లెక్క మారాలి. మాకు తెలిసి ఐదు ఐదుగానే ఉంది.

ఆ లెక్కలో ఇంకో సంగతీ పడదు. ఊరు ఎందుకు చిన్నబోయింది? 1880లలో నికోడెమస్ వెలిగిన ఊరు. దుకాణాలు, బ్యాంకు, రెండు పత్రికలు, బేస్‌బాల్ జట్టు. ఆ ఊరి మనిషి ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో ఎన్నికల్లో గెలిచి కాన్సాస్ రాష్ట్రానికే ఆడిటర్ అయ్యాడు. రైలు వస్తే ఊరు పట్టణమవుతుందని అందరి ఆశ. 1887లో రైలు కంపెనీని రప్పించడానికి ఆ పేద జనం 16,000 డాలర్ల బాండ్లకు ఓటేశారు. రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ లైను నదికి అవతల, కొన్ని మైళ్ళ దూరంలో వేశారు. అక్కడ బోగ్ అనే ఊరు లేచింది. నికోడెమస్ వ్యాపారులు తమ కొట్లు ఎత్తుకుని నది దాటిపోయారు. ఎత్తుకుని అంటే నిజంగానే కొన్ని కట్టడాల్ని ఊడదీసి తీసుకుపోయారు. వ్యాపారానికి స్తంభం అని ఇవాళ మనకు ఒక హోటల్ చూపిస్తున్నారు. ఆ వ్యాపారం ఊడిపోయిన చోటు ఖాళీ నేల. ఖాళీ నేలకి బోర్డు పెట్టడం వారసత్వ శాఖలకు ఎక్కడా అలవాటు లేదు. ఇక కరపత్రాలు పంచి, చోటు చూపించినందుకు రుసుము పుచ్చుకున్న హిల్‌గారి సంగతి. మోసపోయామని మండిపడ్డ జనం నుంచి ఆయన దాక్కోవాల్సి వచ్చిందని చెప్పుకుంటారు. ఆయన పేరు చెడలేదు. గ్రాహం కౌంటీకి ఇవాళ్టికీ ముఖ్య పట్టణం హిల్ సిటీ.

1953లో పోస్టాఫీసు మూతపడింది. తర్వాత బడీ మూతపడింది. ఇలాంటి ఊరు మిగిలిందెట్లా? మా లెక్కలో రాళ్ళ వల్ల కాదు, పండగ వల్ల. 1878 నుంచీ వాళ్ళు విముక్తి పండగ చేసుకుంటున్నారు. మొదట్లో ఆగస్టు 1న, వెస్టిండీస్‌లో బ్రిటిష్‌వాళ్ళు బానిసత్వం రద్దు చేసిన రోజున. తమ విముక్తికన్నా ముందు ఎక్కడో దీవుల్లో జరిగిన విముక్తిని తమదనుకున్న జనం వాళ్ళు. ఇప్పుడు జులై ఆఖరి వారాంతంలో చేస్తున్నారు. డెన్వర్ నుంచీ, టొపీకా నుంచీ, ఇంకా దూరాల నుంచీ మనవలు, మునిమనవలు దిగుతారు. ఉండటానికి గదులు లేని ఊళ్ళో ఆ మూడు రోజులూ వందలమంది ఉంటారు. పార్కుల శాఖ రావడానికి చాలా ముందు నుంచీ ఊరికి కాపలా కాసింది ఈ రాకపోకలే. ఆంజెలా బేట్స్ లాంటి ఆ ఊరి సంతతివాళ్ళు చరిత్ర సంఘం పెట్టుకుని, ముసలివాళ్ళ మాటలు పోగేసి, ఢిల్లీ లాంటి తమ వాషింగ్టన్ చుట్టూ తిరిగితేనే 1996 చట్టం వచ్చింది. గుర్తింపు దానంగా రాలేదు.

మన దగ్గరికి వద్దాం. మనకు 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. అందులో కట్టడానికి నూరేళ్ళు నిండి ఉండాలి. అమెరికా వాడికి యాభై చాలు, మనకు నూరు కావాలి. రాజు కట్టింది, గుడి కట్టింది, దొర కట్టింది నూరేళ్ళు నిలుస్తుంది. తెలంగాణలో కూలిపోతున్న గడీలను కాపాడాలని పత్రికల్లో వ్యాసాలొస్తుంటాయి. కాపాడండి, మాకేమీ అభ్యంతరం లేదు. ఆ గడీ గోడకు సున్నం నూరినవాళ్ళు, రాయి మోసినవాళ్ళు వెట్టికి వచ్చారన్న మాట కూడా ఆ గోడ మీద రాయండి. ఆ వెట్టికి వచ్చినవాళ్ళు పొద్దుగూకాక ఏ ఇంటికి వెళ్ళారో, ఆ ఇల్లు ఎందుకు లేదో కూడా రాయండి.

ఎందుకు లేదంటే మట్టి గోడ, తాటాకు కప్పు. ఎండాకాలం నిప్పంటుకుంటే వరసగా వాడంతా పోయేది. కృష్ణ వరదకో, గాలివానకో గోడలు కరిగేవి. మళ్ళీ అదే చోట అదే కొలతలకు కట్టేవాళ్ళు. తలవంచి దూరాల్సిన గుమ్మం, చూరు కింద అరుగు, పక్కనే మేకల దొడ్డి, తోలు నానబెట్టే లంద. నూరేళ్ళ నాటి దూలం మీకు అక్కడ దొరకదు. నూరేళ్ళుగా కడుతున్న చేయి దొరుకుతుంది. ఇప్పుడు కాలనీ ఇళ్ళూ, స్లాబులూ వచ్చాయి. రావాల్సిందే. తాటాకు ఇంట్లో ఉండండి, చూడటానికి బాగుంటుంది అనే పట్నపు కళాభిమానులతో మాకు ఏకీభావం లేదు. గుంతలోంచి బయటపడటానికే గదా నికోడెమస్ జనం రాయి చెక్కింది!

1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగి ఆరుగుర్ని చంపాక, బతికినవాళ్ళు చీరాల చేరి, ఊరికి తిరిగిపోం అన్నారు. అక్కడే విజయనగర్ కాలనీ వెలిసింది. ఒక ఊరి దాష్టీకాన్ని కాదని జనం కొత్త ఊరు వేసుకోవడం నికోడెమస్‌లో జరిగిందీ, చీరాలలో జరిగిందీ ఒకటే. మన చట్టం ప్రకారం ఆ కాలనీ చారిత్రకం కావాలంటే 2085 దాకా ఆగాలి. అప్పటికి అసలు ఇళ్ళు ఉండవు కాబట్టి అసలుతనం లేదంటారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. వాళ్ళను ఊరవతల శ్మశానానికి తీసుకుపోలేదు. వాడ నడుమనే పాతిపెట్టి ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏ శాఖ అనుమతి కోసమూ చూడలేదు. ఏటా ఆగస్టులో అక్కడికి జనం వస్తారు. వారసత్వ స్థలం అంటే ఏమిటో ఆ ఊరి దళితులు చట్టం కన్నా ముందే తేల్చేశారు.

సర్కారు గుర్తింపు అక్కర్లేదని మేం అనం. నికోడెమస్‌వాళ్ళు దాన్ని కొట్లాడి తెచ్చుకున్నారు, దానివల్ల గోడలు పడిపోకుండా ఉన్నాయి. కానీ వాళ్ళ కొలబద్దే పట్టుకుని మన వాడకు పోతే ఖాళీ చేతులతో తిరిగొస్తాం. కళాశాలల్లో ఉన్న మన విద్యార్థులు ఈ వేసవిలో చేయగల పని ఒకటుంది. మీ వాడ పటం గీయండి. ఏ ఇల్లు ఎవరిది, ఏ బావి ఎప్పుడు తవ్వారు, ఊరి బావి దగ్గర ఎంత దూరంలో నిలబడేవాళ్ళు, బడి మొదట ఎవరి పంచలో పెట్టారు, చర్చి గోడకు ఇటుక ఎక్కడి నుంచి మోశారు, ఏ నిప్పులో ఎన్ని ఇళ్ళు పోయాయి, అన్నీ గుర్తించండి. ఇల్లు లేనిచోట లేదని గుర్తించండి. ముసలమ్మల్ని కూర్చోబెట్టి అడగండి. కప్పు ఎన్నేళ్ళకోసారి నేసేవాళ్ళు, ఆ తాటాకు ఎవరి తోటలోంచి వచ్చేది, దానికి బదులు ఎన్ని రోజులు ఆ ఆసామికి పని చేసిపెట్టాల్సి వచ్చేది, ఆ లెక్క కూడా రాసుకు రండి.